ఒక వరుస అంటే ఏంటి? మిర్యాలగూడ కాటా చిట్టీలతో ఒక డేటా అనలిస్ట్ శిక్షణ

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున ఆ అమ్మాయి నల్లగొండకు వచ్చి నా ముందు ల్యాప్‌టాప్ తెరిచింది. బీకాం కంప్యూటర్స్ పాసై ఏడాది దాటింది. హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి మూడు నెలల డేటా అనలిటిక్స్ కోర్సు కూడా చేసింది. తెర మీద పవర్ బీఐ (లెక్కలను చార్టులుగా చూపించే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) డాష్‌బోర్డ్ ఉంది. పైన నాలుగు కార్డులు, మధ్యలో అమెరికా మ్యాపు, పక్కన గుండ్రటి చార్టు. చూడటానికి బాగుంది. చాలా శిక్షణ సంస్థలు వాడే నమూనా డేటా అది. కుర్చీలు, ఫైళ్లు, ఫోన్లు అమ్మే ఒక దుకాణం లెక్కలు.

"ఇందులో ఒక వరుస అంటే ఏంటమ్మా?" అని అడిగాను.

"అంటే సార్?"

"టేబుల్‌లో ఒక్క వరుస మీద వేలు పెట్టు. అది ఒక బిల్లా? బిల్లులో ఒక వస్తువా? ఒక కస్టమరా?"

చాలాసేపు తెర వంక చూసింది. "సేల్స్ సార్" అంది.

అప్పటికే ఆరు ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చింది. ఒక్కదాంట్లోనూ రెండో రౌండు దాటలేదు. ఎందుకో నాకు ఆ ఒక్క జవాబుతోనే అర్థమైంది. తర్వాత ఎనిమిది నెలలు మేం చేసిన పని ఇక్కడ రాస్తున్నాను. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలు, వాళ్లకు నేర్పేవాళ్లు చదవాలని నా కోరిక.

నేను పన్నెండేళ్లుగా బిజినెస్ ఇంటెలిజెన్స్ పనిలో, అంటే కంపెనీల లెక్కల నుంచి రిపోర్టులు తీసే పనిలో ఉన్నాను. వారంలో ఐదు రోజులు హైదరాబాద్, శని ఆదివారాలు నల్లగొండ. ఇంటి పైగదిలో ఒకసారికి ముగ్గురు నలుగురికి మించకుండా నేర్పుతుంటాను. 2023లో నల్లగొండలో ఐటీ హబ్, మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఐటీ టవర్ మొదలయ్యాక "సార్, డేటా అనలిస్ట్ అవ్వాలంటే ఏం నేర్చుకోవాలి?" అని అడిగేవాళ్లు పెరిగారు. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష), పవర్ బీఐ అని జాబితా చెప్పడం తేలిక. ఆ జాబితా ఈ అమ్మాయికి అప్పటికే వచ్చు. ఇంకో పట్టికలోంచి విలువ వెతికి తెచ్చే వీలుకప్ రాసేది, మొత్తాలు కూడి చూపే పివట్ వేసేది, రెండు టేబుళ్లను ఉమ్మడి కాలమ్ మీద కలిపి జాయిన్ చేసేది. ఆమె నోట్సు నా నోట్సు కన్నా శుభ్రంగా ఉంది.

లోపమల్లా డేటాలో. కోర్సులో ఇచ్చిన ప్రతి ఫైలూ ముందే కడిగి ఆరబెట్టింది. ప్రతి లెక్కకూ జవాబు సార్ దగ్గర ముందే ఉంది. జవాబు తప్పైతే ఎవరికీ నష్టం లేదు. ఆ దుకాణంలో ఆమె ఎన్నడూ అడుగుపెట్టలేదు కాబట్టి, ఒక అంకె తేడాగా కనిపించినా అది తేడా అని పట్టుకునే దారి లేదు.

నేనే చేసిన తప్పు

ఈ సంగతి నాకు ఊరికే తెలియలేదు. అంతకు రెండేళ్ల ముందు జడ్చర్ల నుంచి ఒక అబ్బాయి వచ్చేవాడు. చురుకైనవాడు. అతనికీ ఇదే అమెరికా దుకాణం డేటాతో పవర్ బీఐలో వాడే డాక్స్ ఫార్ములాలు, పట్టికలను ఒకదానికొకటి కట్టే మోడలింగ్ అన్నీ నేర్పాను. పవర్ బీఐకి మైక్రోసాఫ్ట్ పెట్టే పీఎల్-300 పరీక్ష మొదటిసారే పాసయ్యాడు. ఇంటర్వ్యూలో "ఈ నెల అమ్మకాలు తగ్గాయి, నువ్వు మొదట ఏం చూస్తావు?" అని అడిగితే ఏ చార్టు వేయాలో చెప్పాడట. ఎవర్ని ఏం అడగాలో చెప్పలేకపోయాడు. అలా నాలుగైదు చోట్ల అయ్యాక ఇక రావడం మానేశాడు.

వాళ్ల కుటుంబానికి బాదేపల్లి మార్కెట్‌లో కమీషన్ దుకాణం ఉందని, సెలవుల్లో పల్లికాయ, పత్తి తూకం చిట్టీలు అతనే రాసేవాడని నాకు ఆ తర్వాత తెలిసింది. ఏ ఊరి సరుకు ఏ నెలలో వస్తుందో, తేమ ఉంటే ధర ఎంత దిగుతుందో, ఏ వ్యాపారి ఎన్నాళ్లకు డబ్బు కడతాడో అతనికి కంఠతా వచ్చు. ఏడాది పాటు నేనది ఒక్కసారి కూడా అడగలేదు. ఆ పిల్లాడి ఏడాది నావల్ల పోయింది. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా నా మొదటి ప్రశ్న ఒకటే: "మీ ఇంట్లో, మీ చుట్టాల్లో ఏం లెక్కలు రాస్తారు?"

ఈ అమ్మాయిది నిడమనూరు వైపు ఊరు. నాన్నకు సాగర్ ఎడమ కాల్వ కింద నాలుగెకరాలు. సన్నాలు వేస్తారు. కోత మిషన్ నుంచి దిగిన పచ్చి వడ్లను అదే రోజు ట్రాక్టర్‌లో మిర్యాలగూడ మిల్లులకు తోలుతారు. మేనమామ ఒక మిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. ఆమె ఈ మాటలు తలొంచుకుని చెప్పింది. నాకైతే మాకు కావాల్సిన డేటా దొరికిందనిపించింది.

మిల్లు

మిల్లు యజమాని ఒప్పుకున్నాడు, రెండు షరతులతో. మిల్లు పేరు బయటకు రాకూడదు. ఆయన అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు తేవాలి. "పచ్చి వడ్లు నేను కొన్న రేటు, ఎండినంక నాకు క్వింటాకు ఎంతకు పడుతున్నదో చెప్పుండ్రి. మా గుమస్తా నోటిలెక్క చెప్తడు. కాయితం మీద కావాలె."

మంచి ప్రశ్న. ఎవరు అడిగారో, ఎందుకు అడిగారో, జవాబు వస్తే ఏం మారుతుందో మూడూ అందులోనే ఉన్నాయి. ఆఫీసుల్లో పదేళ్లు రిపోర్టులు చేసినవాళ్లకు కూడా ఇంత తేటగా ప్రశ్న దొరకడం అరుదు.

లెక్కలు మూడు చోట్ల ఉన్నాయి. కాటా సాఫ్ట్‌వేర్ నుంచి సీఎస్‌వీ ఫైలు, అంటే కామాలతో విడదీసిన సాదా పట్టిక. రైతుల చెల్లింపులకు గుమస్తా నడిపే ఎక్సెల్ పట్టిక. డ్రయ్యరు, మిల్లింగు లెక్కలు మాత్రం గట్టి అట్ట రిజిస్టర్లలో, చేతిరాతలో. చెల్లింపుల పట్టికలో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్నాయి. వాటిని గుమస్తా ముందే, మిల్లులోనే తీసేయించి, రైతు పేరుకు బదులు ఒక నంబరు పెట్టించి ఆ తర్వాతే కాపీ తీసుకున్నాం. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకున్నా ఈ పని చేయాల్సిందే. మన దగ్గరకు నమ్మి వచ్చిన లెక్కల్లో మనకు అక్కర్లేనిది మన దగ్గర ఉండకూడదు. నేర్చుకునే పిల్లలకు ఈ అలవాటు మొదటి రోజే పడాలి.

మొదటి రెండు వారాలు ల్యాప్‌టాప్ వద్దన్నాను. కాటా గది పక్కన స్టూలు వేసుకుని కూర్చోమన్నాను. చిట్టీలో ఉన్న ప్రతి గడి ఎవరు నింపుతారు, ఎప్పుడు నింపుతారు, తప్పు రాస్తే ఎవరు దిద్దుతారు అనేది నోట్‌బుక్‌లో రాయమన్నాను. ఆమెకు ఇష్టం లేదు. "నేను సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి వచ్చిన కదా సార్" అంది. అయినా వెళ్లింది. ఆడపిల్లలకు బస్సు టికెట్ లేకపోవడం ఆ రోజుల్లో ఎంత ఆసరా అయ్యిందో చెప్పాలి. 2023 డిసెంబర్‌కు ముందైతే ఊరికీ మిర్యాలగూడకూ నల్లగొండకూ ఇన్నిసార్లు తిరిగే ఖర్చు వాళ్ల ఇంట్లో పెట్టేవాళ్లు కాదు.

ఆమె నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరుంది. మూడో రోజు పేజీలో ఇలా ఉంది: "ట్రాక్టరు రెండుసార్లు కాటా ఎక్కుతుంది. వడ్లతో ఒకసారి, దింపాక ఖాళీగా ఒకసారి. రెండింటికీ టైము వేరు. రాత్రి పదకొండున్నరకు ఎక్కిన బండి ఖాళీ అయ్యేసరికి తెల్లారి తేదీ పడింది. ఏ తేదీ లెక్క?" ఇంకోచోట: "తేమ కంప్యూటర్ చెప్పదు. మామ ట్రాలీలో నాలుగైదు చోట్ల నుంచి దోసిలి వడ్లు తీసి కలిపి మిషన్‌లో పెడతాడు. తర్వాత పెన్నుతో రాసి, రాత్రి కంప్యూటర్‌లో ఎక్కిస్తారు."

ఈ రెండు పేజీలతోనే ఆమె అనలిస్ట్ అవడం మొదలుపెట్టింది. రిజిస్టర్లను ఎక్సెల్‌లోకి ఎక్కించడానికి ఇంకో నెల పైన పట్టింది. చేతిరాత టైపు చేస్తున్నప్పుడే ఏ కాలమ్‌లో ఎలాంటి తప్పులు పడతాయో వేళ్లకు తెలుస్తుంది. ఆ పని తప్పించుకునే దారి ఉన్నా నేను తప్పించేవాణ్ని కాదు.

నాలుగో తేదీ, అయిదో తేదీ

2023 యాసంగి కాటా ఫైలు తెరిచి నెలవారీ పివట్ వేసింది. ఏప్రిల్, మే నెలల్లో కొనుగోలు ఎక్కువగా ఉండాలి. చార్టులో మాత్రం జనవరి నుంచి డిసెంబర్ దాకా ప్రతి నెలా కొద్దికొద్దిగా ఉంది. ఏప్రిల్, మేల్లో కూడా పెద్దగా లేదు.

నేనేమీ అనలేదు. కాసేపటికి ఆమే అంది. "సెప్టెంబర్‌ల మా దిక్కు వరి ఇంకా పచ్చగ పొలంలనే ఉంటది సార్. వడ్లెక్కడివి?"

ఆ అమెరికా దుకాణం డేటాలో సెప్టెంబర్‌లో ఏం అమ్మినా ఈ ప్రశ్న వచ్చేది కాదు. ఇక్కడ అంకె తప్పని ఆమెకు కంప్యూటర్ చెప్పలేదు, పొలం చెప్పింది.

సెప్టెంబర్ వరుసలను విడిగా తీయమన్నాను. అన్నీ 4, 5 తేదీల్లోనే ఉన్నాయి. ఆగస్టు చూసింది, అక్కడా 4, 5. డిసెంబర్‌లోనూ అంతే. ఇక్కడ ఆమె కుర్చీలోంచి లేచి నిలబడింది. కాటా సాఫ్ట్‌వేర్ తేదీని రోజు-నెల క్రమంలో రాస్తుంది. ఆమె ల్యాప్‌టాప్ అమెరికా సెట్టింగులో ఉంది కాబట్టి ఎక్సెల్ దాన్ని నెల-రోజు అని చదివింది. 09-04-2023, అంటే ఏప్రిల్ 9, సెప్టెంబర్ 4 అయింది. 09-05-2023, అంటే మే 9, సెప్టెంబర్ 5 అయింది. మరి 13వ తేదీ నుంచి? పదమూడో నెల లేదు కాబట్టి ఎక్సెల్ వాటిని తేదీలుగా తీసుకోనే లేదు. అక్షరాలుగా వదిలేసింది. గడిలో కుడి వైపు ఉండాల్సినవి ఎడమ వైపుకు అంటుకుని ఉన్నాయి. నెలవారీ మొత్తాల్లోకి అవి రాలేదు.

ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీలో తేదీ కాలమ్‌కు ఇంగ్లిష్-ఇండియా లొకేల్ (ఏ దేశం పద్ధతిలో చదవాలనే సెట్టింగు) ఇస్తే అర నిమిషంలో సర్దుకుంది. ఈ తప్పు చాలా కంపెనీల్లో, చాలా పెద్ద రిపోర్టుల్లో నేను చూశాను. చాలాసార్లు ఎవరూ పట్టుకోరు, ఎందుకంటే మొత్తం ఏడాది కూడిక సరిపోతుంటుంది.

ఊరి పేర్ల సంగతి చిన్నదే కానీ వారం తిన్నది. నిడమనూరును ఇంగ్లిష్‌లో ఒకచోట డబుల్ ఓతో, ఒకచోట యూతో రాశారు. పల్లి అని ముగిసే ప్రతి ఊరికీ చివర ఐ ఒకసారి, వై ఒకసారి. ఒకే పేరున్న ఊళ్లు వేర్వేరు మండలాల్లో ఉన్నాయి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి ఊరికీ ఒక కోడ్ ఉంటుంది. దాంతో ఒక విడి పట్టిక చేసి అన్నిటినీ దానికి కట్టింది.

ఏడా, ఎనిమిదా

ఇప్పుడు అసలు ప్రశ్న. పచ్చి వడ్లు 21 శాతం తేమతో వచ్చాయి. డ్రయ్యర్‌లో 14 శాతానికి దింపుతారు. క్వింటాకు ఎంత తూకం పోతుంది?

ఆమె ఎక్సెల్‌లో 21 నుంచి 14 తీసేసింది. 7 శాతం. అంటే వంద కిలోలకు ఏడు కిలోలు. కాలమ్ అంతా అదే ఫార్ములా లాగింది.

గుమస్తాకు అరవై దాటి ఉంటాయి. కళ్లద్దాలు పైకి తోసుకుని ఆ కాయితం చూశాడు. "ఏడు కాదు బిడ్డా, ఎనిమిది కిలోలు పోతయి."

"మిషన్‌లో ఏమన్నా రాలిపోతదా పెద్దయ్యా?"

"రాలేది వేరే. ఎండేదే ఎనిమిది. నలభై ఏండ్ల సంది చూస్తున్న."

బస్సులో వస్తూ ఆమె అంది, మిల్లు వాళ్లు తమ వైపు ఒక కిలో కలుపుకుంటున్నారేమో అని. రైతు బిడ్డగా ఆ అనుమానం రావడం సహజం. నేను కూడా ఆ సాయంత్రం ఆ ఎనిమిదిని పెద్దగా పట్టించుకోలేదు. రాత్రి పడుకున్నాక తట్టింది. మర్నాడు పొద్దున్నే ఆమెకు ఒక తెల్లకాయితం ఇచ్చి ఇలా రాయమన్నాను.

వంద కిలోల పచ్చి వడ్లు. తేమ 21 శాతం. అంటే 21 కిలోల నీళ్లు, 79 కిలోల గింజ. డ్రయ్యర్‌లో నీళ్లు పోతాయి, గింజ పోదు. ఎండిన తర్వాత కూడా ఆ 79 కిలోలు అలాగే ఉంటాయి. కానీ ఇప్పుడు తేమ 14 శాతం, కాబట్టి ఆ 79 కిలోలు కొత్త తూకంలో 86 శాతం. 79ని 0.86తో భాగిస్తే 91.86. పోయింది 8 కిలోల 140 గ్రాములు.

పెన్ను పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. "21 శాతం వంద మీద, 14 శాతం తొంభై ఒకటి మీద సార్. రెండు వేర్వేరు వాటిని తీసేసిన" అంది.

సరిగ్గా అదే. రెండు శాతాలను తీసివేయాలంటే రెండింటి అడుగున ఉన్నది ఒకటే అయి ఉండాలి. పన్నెండేళ్లలో ఈ మాట నేను ఎంతమందికి చెప్పి ఉంటానో. ఇంత బాగా ఎవరికీ ఎక్కలేదు. గుమస్తాకు బీజగణితం రాదు. ఆయన చేసిందల్లా డ్రయ్యర్‌కు ముందూ వెనకా కాటా వేసి నలభై ఏళ్లు గుర్తు పెట్టుకోవడం. ఆయన నోటిలెక్క సరైనది, మా ఎక్సెల్ తప్పు. ఆ వారం ఆమె మిల్లుకు వెళ్లి ఆయనకు ఆ కాయితం చూపించి, "మీరు చెప్పిందే నిజం పెద్దయ్యా, ఎందుకో ఇప్పుడు తెలిసింది" అని చెప్పింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఏ రిజిస్టర్ అడిగినా కాదనలేదు.

యజమాని ప్రశ్నకు జవాబు దీన్నుంచే వచ్చింది. ఉదాహరణకు క్వింటా రెండు వేలకు 21 శాతం తేమతో కొంటే, 14 శాతానికి ఎండిన వడ్లు క్వింటాకు 2,177 రూపాయలకు పడినట్టు. ఆమె మొదటి లెక్క ప్రకారం సుమారు 2,150. క్వింటాకు దాదాపు 27 రూపాయల తేడా. మిల్లులో ఒక సీజనుకు ఎన్ని వేల క్వింటాళ్లు దిగుతాయో తెలిసినవాళ్లకు ఈ తేడా బరువు చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత సగటు తేమ తీసింది. అక్కడా ఇలాంటిదే ఒకటి. 17 శాతం తేమతో 20 టన్నుల లారీ, 23 శాతంతో ఒక టన్ను ట్రాలీ వస్తే ఎక్సెల్ యావరేజ్ 20 అంటుంది. తూకంతో కలిపి లెక్కిస్తే 17.3. ఈసారి ఆమే పట్టుకుంది, నేను చెప్పలేదు.

యాభై నాలుగు

ఐదో నెలలో ఎస్‌క్యూఎల్‌లోకి దిగాం. మూడు పట్టికలనూ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లోకి ఎక్కించింది. కాటా పట్టికను చెల్లింపుల పట్టికతో చిట్టీ నంబర్ మీద జాయిన్ చేసి, మొత్తం వడ్లకు, ఎండిన తూకం మీద, ఎన్ని బియ్యం వచ్చాయో తీసింది. 54 శాతం వచ్చింది.

ప్రభుత్వం మిల్లులకు ఇచ్చే వడ్లకు తిరిగి అడిగేది వంద కిలోలకు 67 కిలోల పచ్చి బియ్యం, బాయిల్డ్ అయితే 68. ఆమెకు ఆ సంఖ్యలు తెలుసు. ముందుగా ఆ అంకె నాకు చూపించకుండా గుమస్తాకు ఫోన్ చేసింది. "యాభై నాలుగు వస్తే మిల్లు ఎన్నడో మూసుకునేటోళ్లం బిడ్డా" అన్నాడాయన.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. నేను సాయం చేయలేదు, చేయాలని ఉన్నా. చివరికి ఒక్క చిట్టీ మీద వేలు పెట్టి చూసింది. ఒక ట్రాక్టర్, నికర తూకం 6,200 కిలోలు. అందులో పక్కపక్క పొలాల అన్నదమ్ములిద్దరి వడ్లు: ఒకరివి 3,500, ఒకరివి 2,700. కాటా పట్టికలో ఆ బండికి ఒక్కటే వరుస. చెల్లింపుల పట్టికలో రెండు. జాయిన్ చేస్తే 6,200 రెండుసార్లు వచ్చి 12,400 అయింది. కూలి, డీజిల్ కలిసొస్తాయని ఇద్దరు ముగ్గురు రైతులు ఒకే బండిలో తోలడం మామూలే. అలాంటి ప్రతి బండీ వడ్ల మొత్తాన్ని ఉబ్బించింది. వడ్లు ఉబ్బితే బియ్యం శాతం పడిపోతుంది.

"సార్, ఇక్కడ ఒక వరుస అంటే బండి. అక్కడ ఒక వరుస అంటే రైతు" అంది ఫోన్‌లో. మొదటి ఆదివారం నేనడిగిన ప్రశ్నకు ఆమె జవాబు ఐదో నెలలో వచ్చింది.

డేటా మోడలింగ్‌లో దీన్ని గ్రెయిన్ అంటారు, అంటే గింజ అనే. డైమెన్షనల్ మోడల్ (కొలతలు ఒక పట్టికలో, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అనే డైమెన్షన్లు విడి పట్టికల్లో) కట్టడానికి డేటా వేర్‌హౌసింగ్ నిపుణుడు రాల్ఫ్ కింబాల్ చెప్పిన నాలుగు మెట్లలో ఏ పని గురించి అనేది మొదటిది, గ్రెయిన్ రెండోది. డైమెన్షన్లు, కొలతలు ఆ తర్వాతే వస్తాయి. శిక్షణల్లో చాలావరకు చివరి రెండిటితో మొదలుపెడతారు. ఆ రోజు నుంచి ఆమె ప్రతి పట్టిక పైన ఒక వాక్యం రాసి పెట్టుకుంటుంది: "ఒక వరుస = ఒకసారి కాటా ఎక్కిన బండి." జాయిన్‌కు ముందు ఎన్ని వరుసలు, తర్వాత ఎన్ని అనేది లెక్కపెట్టకుండా ముందుకు పోదు. చెల్లింపులను ముందు చిట్టీ స్థాయికి కూడి, ఆ తర్వాత జాయిన్ చేశాక శాతం అరవై ఆరు పైన తేలింది. గుమస్తా తల ఊపాడు.

పక్కగా ఇంకో అభ్యాసం ఇచ్చాను. జనాభా లెక్కల్లో 2011లో నల్లగొండ జిల్లా జనాభా 34.89 లక్షలు. ఇప్పుడు అధికారిక పట్టికల్లో నల్లగొండ జిల్లా అంటే 2011 లెక్క ప్రకారమే సుమారు 16 లక్షలు. "సగం మంది ఎక్కడికి పోయారు?" అని అడిగాను. 2016 అక్టోబర్ 11న సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరు జిల్లాలయ్యాయని ఆమెకు వెంటనే వెలిగింది. పాలమూరు (మహబూబ్‌నగర్) డేటా తీసుకుంటే ఇంకా చిక్కు: అదే రోజు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా వచ్చింది. పేరు అదే, హద్దు వేరు. పాత లెక్కను కొత్త హద్దుకు తేవాలంటే మండలాలు, అవసరమైతే ఊళ్ల స్థాయికి దిగి కూడాలి. కాలంతో మెల్లగా మారే వివరాలను ఎలా నిలపాలో చెప్పే స్లోలీ ఛేంజింగ్ డైమెన్షన్ అనే పాఠం ఇంతకన్నా తేలికగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు, అదీ మన ఇంటి చిరునామాలోనే ఉంది.

రిపోర్టు, ఆ తర్వాత ఇంటర్వ్యూ

పవర్ బీఐ ఆరో నెలలో మొదలుపెట్టాం. అప్పటికి ఆమెకు ఏం చూపించాలో తెలుసు కాబట్టి మూడు వారాల్లో అయిపోయింది. ఒకే పేజీ. తేమ పట్టీ, దాని పక్కన ఎండినాక పడిన ధర, కింద రోజువారీ కొనుగోలు. శీర్షికలు తెలుగులో. గుమస్తా ఎవరి సాయం లేకుండా చదవగలిగితేనే అది పూర్తయినట్టు అని షరతు పెట్టాను. మొదటిసారి ఆయన ధర, తూకం గీతల మధ్య తికమకపడ్డాడు. మార్చింది. గుండ్రటి చార్టు ఎక్కడా లేదు.

ఇక్కడ పిల్లలకు ఎదురయ్యే రెండు చిక్కులు చెప్పాలి. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే కానీ విండోస్‌లోనే నడుస్తుంది, 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో మూలుగుతుంది. ఆన్‌లైన్ సర్వీసులో ఖాతాకు జీమెయిల్ పనికిరాదు, ఆఫీసు లేదా కాలేజీ మెయిల్ ఉండాలి. మన డిగ్రీ కాలేజీల పిల్లల్లో చాలామందికి అది లేదు. అందుకని ఫైలును పీడీఎఫ్‌గా చేసి, మూడు నిమిషాలు మాట్లాడుతూ స్క్రీన్ రికార్డ్ చేయించాను. రెజ్యూమెలో ఆ వీడియో లింకు.

మాట్లాడటం పెద్ద గండం. ఇంగ్లిష్ అనగానే ఆమె గొంతు సన్నబడేది. నేను వ్యాకరణం జోలికి పోలేదు. ప్రతి వారం చేసిన పనిని ముందు గుమస్తాకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పించాను. తర్వాత అవే మాటలను అదే వరుసలో ఇంగ్లిష్‌లో. చెప్పే విషయం తెలుగులో తేటగా కుదిరితే ఇంగ్లిష్ తప్పులున్నా వినేవాడికి అందుతుంది. అది కుదరనివాడి ఇంగ్లిష్ ఎంత బాగున్నా ఏమీ అందదు.

తాజాగా డిగ్రీ అయినవాళ్లకు నేరుగా డేటా అనలిస్ట్ అనే పేరుతో ఉద్యోగాలు తక్కువ. ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) ఎగ్జిక్యూటివ్, రిపోర్టింగ్ అనలిస్ట్ అనే పేర్లతో ఉంటాయి. వాటికి పెట్టమన్నాను. కాస్త చిన్నబుచ్చుకుంది, కానీ పెట్టింది. ఎక్సెల్ ఫైలు ఇచ్చి గంటలోపు చేయమనే పరీక్ష ఉంటుంది. ఎస్‌క్యూఎల్‌లో రెండో అత్యధిక జీతం, విభాగాల వారీగా మొదటి ముగ్గురు, కిందటి నెలతో తేడా, ఈ మూడు రకాల ప్రశ్నలు తిరిగి తిరిగి వస్తాయి. వరుసలకు నంబరిచ్చే రో నంబర్, ముందు వరుస విలువ తెచ్చే ల్యాగ్ లాంటి విండో ఫంక్షన్లు దానికోసం ఒక నెల సాధన చేయించాను. అందులో చెప్పుకోదగ్గ విశేషం ఏమీ లేదు, ఒళ్లు వంచి చేయడమే.

సెప్టెంబర్ చివర్లో హైదరాబాద్‌లో ఒక సరుకు రవాణా సంస్థలో ఇంటర్వ్యూ. "మీ ప్రాజెక్టులో మీరు చేసిన పెద్ద తప్పేంటి?" అని అడిగారట. ఏడు, ఎనిమిది కిలోల సంగతి చెప్పింది. ఎదురుగా ఉన్న మేనేజర్ పెన్ను తీసుకుని ఆ లెక్క తనే వేసి చూసుకున్నాడట. తర్వాత వాళ్ల సొంత ఫైలు ఒకటి తెరిచి, "దీంట్లో ఏం గమనించారు?" అని అడిగాడు. ఆమె ముందు అడిగింది: "సార్, ఇందులో ఒక వరుస అంటే ట్రిప్పా, పార్శిలా?"

అక్టోబర్‌లో చేరింది. మొదటి జీతం నెలకు 22 వేలు.

అన్నీ అయ్యాయని చెప్పను. పైథాన్ వరకు పోలేదు. గణాంకశాస్త్రం సగటు, మధ్యస్థం దాటలేదు, అది ఆమె ఇప్పుడు సొంతంగా చదువుతోంది. మిల్లుకు ఇచ్చిన రిపోర్టును ఆ సీజను దాటాక ఎవరూ తెరవడం లేదు, ఎందుకంటే రిజిస్టర్లను ఎక్సెల్‌లోకి ఎక్కించే మనిషి ఆమే, ఆమె హైదరాబాద్ పోయింది. దీని గురించి మొదట్లోనే ఆలోచించాల్సింది నేను.

మిల్లులో మిగిలింది ఒక అట్ట. పోయే ముందు ఆమె స్కెచ్ పెన్నుతో రాసిచ్చింది: 17 శాతం నుంచి 25 శాతం దాకా తేమ, పక్కన 14కు ఎండితే క్వింటాకు ఎంత పోతుందో. 17కు 3.49, 18కి 4.65, 20కి 6.98, 22కు 9.30, 25కు 12.79. ఒక్కో శాతానికి కిలో నూట అరవై గ్రాములు పెరుగుతూ పోతుంది. తేమ మిషన్ పక్కన గోడకు గుమస్తానే మేకు కొట్టాడు. అలాంటిదే ఇంకొకటి వాళ్లింట్లో నాన్నకు రాసిచ్చింది. మిల్లులో తరుగు ఎంత తీశారో ఆయన ఇప్పుడు దాంతో సరిచూసుకుంటున్నాడు.

మొన్న యాసంగి కోతలప్పుడు ఆమె పనిలో ఉండగా నాన్న ఫోన్ చేశాడట. మిషన్‌లో 23.5 చూపిస్తున్నది, అట్ట మీద అరలు లేవు, దానికెంత అని. ఆమె డెస్కు మీదున్న కాయితంపై 76.5ను 0.86తో భాగించి, "పదకొండు కిలోల యాభై గ్రాములు నాయినా" అని చెప్పి, ఆదివారం ఇంటికొచ్చినప్పుడు అరల కాలమ్ కూడా కలిపి కొత్త అట్ట రాసి పెట్టింది.